వేడెక్కే ఇంజను: కారణం కనుక్కునే క్రమం

జ్వరం వచ్చిన ప్రతి మనిషికీ డాక్టరు ఒకే మందు రాయడు. ఎన్ని రోజుల నుంచి వస్తోంది, పగలు వస్తోందా రాత్రి వస్తోందా, చలి పెడుతోందా అని ముందు అడుగుతాడు. ఆ తర్వాతే రక్తపరీక్ష. ఇంజను వేడెక్కడం కూడా జ్వరంలాంటి లక్షణమే. దాని వెనుక పది పన్నెండు కారణాల్లో ఏదైనా ఉండవచ్చు. కారణం తెలుసుకోకుండా సామాన్లు మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి, బండి మాత్రం మళ్లీ అదే మలుపు దగ్గర ఆవిరి కక్కుతూ ఆగుతుంది.

మన హాస్టల్లో చదువుతున్నవారిలోనూ, చదివి వెళ్లినవారిలోనూ డ్రైవర్ల పిల్లలు, క్లీనర్ల పిల్లలు, మెకానిక్ షెడ్డులో పనిచేసేవారి పిల్లలు చాలామందే ఉన్నారు. ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో చేరిన తమ్ముళ్లు సెలవుల్లో కలిసినప్పుడు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, బండి హీటెక్కితే ముందు ఏం చూడాలి?" ఈ వార్షికోత్సవ సంచిక కోసం ఆ ప్రశ్నకు జవాబును ఒక పాఠంలా రాస్తున్నాం. పదో తరగతి సైన్సు, ఇంటర్ ఫిజిక్స్ తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. లెక్క దగ్గర ఎవరైనా ఆగిపోతే పక్క గదిలోని అన్నను అడగండి.

అంబాసిడర్ ఎందుకు?

ఉదాహరణగా పాత అంబాసిడర్ కారును తీసుకుందాం. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ 1950ల చివరిలో దీన్ని మొదలుపెట్టింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపర కర్మాగారంలో 2014 వరకు తయారైంది. కలెక్టరు ఆఫీసు ముందు, రైల్వే స్టేషన్ బయట, పెళ్లి పందిరి పక్కన ఈ కారును చూడని తరం మన పెద్దల్లో లేదు. ఇప్పుడు దీన్ని పాతకాలపు కారుగా ముద్దుగా దాచుకుంటున్నవారు ఉన్నారు. పెళ్లిళ్లకు, సినిమా షూటింగులకు కిరాయికి తిప్పుకొని బతుకుతున్నవారూ ఉన్నారు.

పాఠానికి ఇది మంచి బండి. ఎక్కువ కాలం వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజనులో కంప్యూటర్ లేదు. బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనబడతాయి, చేతికి అందుతాయి. రేడియేటర్, బెల్టు, ఫ్యాన్, నీళ్ల పంపు, హోస్ పైపులు, డిస్ట్రిబ్యూటర్ అన్నీ విడివిడిగా ఉంటాయి. దీనిమీద నేర్చుకున్న ఆలోచనా క్రమం ఆటోకు, ట్రాక్టరుకు, లారీకి కూడా చాలావరకు పనికొస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కంపెనీ తయారీ ఆపేసింది కాబట్టి అనవసరంగా హెడ్డు పాడుచేస్తే ఇంకో మంచి హెడ్డు కోసం పాత సామాన్ల బజారులో వెతుక్కోవాలి.

వేడి ఎంత? ఎక్కడికి పోతుంది?

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల శక్తి వస్తుంది. అంబాసిడర్ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోందనీ, లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తోందనీ అనుకుందాం. అంటే గంటకు 5 లీటర్లు. దాన్ని సెకన్లకు లెక్కగడితే సుమారు 44 కిలోవాట్లు.

ఇందులో బండిని నడిపేది మూడో వంతు లోపే. ఇంకో మూడో వంతు వరకు సైలెన్సర్ గుండా పొగతో పోతుంది. మిగిలిన మూడో వంతు, అంటే ఇంచుమించు 14 కిలోవాట్లు, ఇంజను చుట్టూ తిరిగే నీళ్లలోకి వస్తుంది. వార్డెన్ గారికి తెలియకుండా బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు ఒక్కొక్కటి 1000 వాట్లు. అలాంటివి 14 రాడ్లు ఒకేసారి పెట్టినట్టు లెక్క!

ఇంజనులో, రేడియేటర్‌లో కలిపి 8 లీటర్ల నీళ్లు ఉన్నాయనుకుందాం. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4200 జౌళ్లు కావాలి. 80 డిగ్రీల నీళ్లు 100 డిగ్రీలకు చేరడానికి ఆ 14 రాడ్లకు 48 సెకన్లు చాలు. ఇంజను ఇనుము కూడా కొంత వేడి తాగుతుంది. 150 కిలోల ఇనుమును కలుపుకొన్నా రెండున్నర నిమిషాలు దాటదు. అంటే రేడియేటర్ పూర్తిగా పనిచేయకపోతే మనకు దొరికే వ్యవధి అంతే. బండి అరగంట నడిచాక వేడెక్కుతోందంటే చల్లబరిచే ఏర్పాటు పూర్తిగా చెడిపోలేదని అర్థం. చాలావరకు పనిచేస్తోంది, కొంచెం తక్కువవుతోంది. ఈ ఒక్క మాట కారణం వెతకడంలో చాలా సాయం చేస్తుంది.

ఎండాకాలంలోనే ఈ జబ్బు ఎందుకు బయటపడుతుంది? రేడియేటర్ వదిలే వేడి నీటికీ గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 90 డిగ్రీలు, గాలి 30 డిగ్రీలు ఉంటే తేడా 60. మే నెలలో గాలి 45 డిగ్రీలు ఉంటే తేడా కూడా 45 మాత్రమే. అంటే రేడియేటర్ శక్తి నాలుగో వంతు తగ్గిపోయింది. నాలుగో వంతు గొట్టాలు మూసుకుపోయిన రేడియేటర్ చలికాలమంతా ఏ ఫిర్యాదూ లేకుండా లాగించి, రోహిణి కార్తెలో రోడ్డు పక్కన నిలబెడుతుంది. జబ్బు మేలో పుట్టలేదు, మేలో కనబడింది.

నీళ్లు తిరిగే దారి

పంపు నీళ్లను ఇంజను బ్లాకులోకి నెడుతుంది. అవి సిలిండర్ల చుట్టూ తిరిగి హెడ్డులోకి ఎక్కుతాయి. హెడ్డు ముందు భాగంలో థర్మోస్టాట్ ఉంటుంది. నీళ్లు చల్లగా ఉన్నంతసేపు అది మూసుకునే ఉంటుంది. సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఎంత దగ్గర తెరుచుకోవాలో దానిమీదే అచ్చువేసి ఉంటుంది. అది తెరుచుకున్నాక వేడి నీళ్లు పై హోస్ గుండా రేడియేటర్ పై ట్యాంకులోకి వస్తాయి. సన్నని గొట్టాల్లోంచి కిందికి దిగుతూ చల్లబడి, కింది హోస్ గుండా మళ్లీ పంపుకు చేరతాయి. పంపును, దాని ముందు బిగించిన ఫ్యాన్‌ను ఒకే బెల్టు తిప్పుతుంది.

రేడియేటర్ మూతకు కూడా పని ఉంది. అది లోపల కొంత ఒత్తిడి నిలుపుతుంది. ఒత్తిడి ఒక పౌండు పెరిగితే నీళ్లు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ సూత్రమే ఇది. మూతలోని రబ్బరు చితికిపోతే ఆ లాభం పోతుంది. మూత కింద అంచు చుట్టూ నీటి మరకలు కనబడితే ముందు మూతను అనుమానించండి.

పరీక్షకు ముందు ప్రాణం

మాలో ఒకరి నాన్నగారు లారీ క్లీనరుగా ఉన్న రోజుల్లో ఘాటు రోడ్డు మీద వేడి రేడియేటర్ మూత తిప్పారు. మోచేతి దాకా కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఎందుకలా జరుగుతుంది? మూత బిగించి ఉన్నప్పుడు లోపలి నీళ్లు 105, 110 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉండగలవు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది. ఆ నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై, మిగతా నీళ్లను పైకి ఎగజిమ్ముతుంది.

కాబట్టి నియమాలు ఇవి:

1. ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్లగానే బండిని పక్కకు తీసి ఇంజను ఆపాలి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. హెడ్డు వంకరపోయేది ఆ రెండు కిలోమీటర్లలోనే.
2. కనీసం అరగంట ఆగాలి. పై హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత ముట్టుకోవాలి. అప్పుడు కూడా మందపాటి తడిగుడ్డ వేసి, మొదటి మెట్టు దాకా తిప్పి, ఆవిరి శబ్దం పూర్తిగా ఆగాకే తీయాలి.
3. కాగిన ఇంజనులో చన్నీళ్లు గబగబా పొయ్యకూడదు. వేడి పెనం మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో తెలుసు కదా. పోత ఇనుము పగులుతుంది.
4. ఇంజను తిరుగుతున్నప్పుడు లుంగీ, తువ్వాలు, వేళ్లు ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి.

మొదటి ప్రశ్న: ఎప్పుడు వేడెక్కుతోంది?

స్పానర్ పట్టుకునే ముందు బండి నడిపేవారిని కూర్చోబెట్టి అడగాలి. జవాబును బట్టి అనుమానం సగానికి సగం తగ్గుతుంది.

నిలబడినప్పుడు, ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డు మీద వేగంగా పోతే చల్లబడుతోందా? అయితే గాలి చాలడం లేదు. బండి వేగంగా పోయేటప్పుడు గాలి తనంతట తానే రేడియేటర్‌లోకి దూరుతుంది. నిలబడినప్పుడు ఫ్యానే దిక్కు. బెల్టు వదులైందా, ఫ్యాన్ రెక్కలు విరిగాయా, రేడియేటర్ రెక్కల్లో బురద, పురుగులు, గడ్డి ఇరుక్కున్నాయా చూడాలి. పెళ్లి కారు అయితే ముందు జాలీ నిండా పూలదండలు కట్టి ఊరేగింపులో నడకవేగంతో తిప్పితే ఏ ఇంజనైనా వేడెక్కుతుంది. ఆ రోజుకు జబ్బు బండిది కాదు, దండది!

ఊళ్లో బాగానే ఉండి, వేగంగా పోయినప్పుడు, ఎత్తు ఎక్కినప్పుడు వేడెక్కుతోందా? అయితే గాలి కన్నా నీళ్లమీద అనుమానం ఎక్కువ. వేడి ఎక్కువగా పుట్టినప్పుడు దాన్ని మోసుకుపోయేంత నీరు తిరగడం లేదు. రేడియేటర్ గొట్టాలు మూసుకుపోవడం, కింది హోస్ మెత్తబడి పంపు పీల్చినప్పుడు చప్పబడిపోవడం, పంపు రెక్కలు తుప్పుపట్టి అరిగిపోవడం చూడాలి.

స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల్లోనే వేడెక్కుతోందా? నీళ్లు తక్కువగా ఉన్నాయేమో, థర్మోస్టాట్ మూసుకున్నచోటే ఇరుక్కుందేమో, బెల్టు తెగిందేమో, హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి.

నీళ్లు తగ్గుతున్నాయి గానీ కింద ఎక్కడా చుక్క కనబడటం లేదా? మొదట పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూడండి. పంపు సీలు పోతే నీళ్లు అక్కడినుంచి కారి, వేడికి ఆరిపోతాయి, తెల్లటి మరక మిగులుతుంది. అక్కడ ఏమీ లేకపోతే హెడ్ గ్యాస్కెట్ మాట వస్తుంది.

వీటితోపాటు ఇంజను లాగడం కూడా తగ్గిందా? అప్పుడు నీళ్ల ఏర్పాటుకు బయట వెతకాలి. డిస్ట్రిబ్యూటర్ టైమింగ్ ఆలస్యంగా ఉంటే పెట్రోలు ఆలస్యంగా మండుతుంది. పిస్టన్‌ను నెట్టాల్సిన శక్తి సిలిండర్ గోడలకు, ఎగ్జాస్టుకు వేడిగా పోతుంది. కార్బురేటర్ పెట్రోలు తక్కువ ఇస్తున్నా, సైలెన్సర్ లోపల మూసుకుపోయినా, బ్రేకులు పట్టేసి డ్రమ్ములు కాలుతున్నా ఇంజను అదనపు బరువు మోస్తున్నట్టే.

పైసా ఖర్చు లేని పరీక్షలు

ఈ కింది వరుసను మార్చవద్దు. సులువైనవి, ఖర్చు లేనివి ముందు. హెడ్డు విప్పడం అన్నిటికన్నా చివర.

ఒకటి, ముల్లు నిజం చెబుతోందా? ముల్లు ఎర్రగీతకు వెళ్లినా ఆవిరి లేదు, మరిగే శబ్దం లేదు, వాసన లేదు అంటే మీటరును అనుమానించాలి. చాలా పాత కార్లలో పెట్రోలు ముల్లుకు, వేడి ముల్లుకు కరెంటును అదుపులో ఉంచే స్టెబిలైజర్ ఒకటే ఉంటుంది. రెండు ముళ్లూ ఒకేసారి పైకి పోతే తప్పు అక్కడే ఉండవచ్చు.

రెండు, చల్లగా ఉన్నప్పుడు నీటి మట్టం చూడాలి. నీళ్ల రంగు చూడాలి. తుప్పు రంగు ఉంటే లోపల ఇనుము తినేస్తోంది. నూనె తెట్టు ఉంటే జాగ్రత్త.

మూడు, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవాలి. ఎక్కువ పోతే వదులు. ఇంజను ఆపి ఫ్యాన్‌ను పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊపితే పంపు బేరింగ్ ఆట తెలుస్తుంది.

నాలుగు, చల్లని ఇంజనులో నీళ్లు పైనుంచి కొంచెం తగ్గించి, మూత తీసి స్టార్ట్ చేసి లోపలికి చూడాలి. మొదట నీళ్లు కదలవు. థర్మోస్టాట్ తెరుచుకోగానే పై హోస్ నుంచి ప్రవాహం కనబడాలి. మొదటి నిమిషం నుంచే ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్ మంట నీళ్లలోకి దూరుతోందని అర్థం. అది గ్యాస్కెట్ గానీ, హెడ్డు పగులు గానీ.

ఐదు, ఇంజను వేడెక్కాక కింది హోస్‌ను గమనిస్తూ ఒకరు యాక్సిలరేటర్ ఇవ్వాలి. హోస్ చప్పబడితే నీళ్లు ఆగిపోతున్నట్టే.

ఆరు, ఇంజను ఆపేసి, ఫ్యాన్ పూర్తిగా నిలిచాక రేడియేటర్ ముందు వైపు పైనుంచి కిందికి అరచేతిని దగ్గరగా జరపాలి. వేడి పైన ఎక్కువగా, కింద తక్కువగా, క్రమంగా ఉండాలి. మధ్యలో ఒకచోట చల్లగా తగిలితే అక్కడి గొట్టాల్లో నీళ్లు దిగడం లేదు.

ఏడు, థర్మోస్టాట్‌ను తీసి వంటగది పరీక్ష చేయవచ్చు. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటరు ఉంచి కాచాలి. అచ్చువేసిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. హాస్టల్లో ఈ ప్రయోగం చేస్తే వంటమనిషి అక్కను అడిగి, పాత గిన్నెలోనే చేయండి.

ఎనిమిది, ఆయిల్ గేజి పుల్ల తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ప్లగ్గులు విప్పితే మూడు నల్లగా ఉండి ఒకటి కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. ఇంజను కాగాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి ఆగకపోతే అది ఇంకో సాక్ష్యం. ఈ సాక్ష్యాలు రెండు మూడు కలిసి వచ్చినప్పుడే హెడ్డు విప్పే మాట ఎత్తాలి.

ఒక బండి దగ్గర ఈ క్రమం

మా మిత్రుడి బాబాయికి ఒక పాత అంబాసిడర్ ఉంది. పెళ్లిళ్ల సీజనులో వచ్చే కిరాయిలే ఆ ఇంటికి ఆధారం. ఊళ్లో తిరిగినంతసేపు బండి బాగుండేది. హైవే ఎక్కి పది పన్నెండు కిలోమీటర్లు పోగానే ముల్లు ఎర్రగీతకు పోయేది. ఒక షెడ్డులో గ్యాస్కెట్ పోయిందని చెప్పి హెడ్డు విప్పారు, ఫేసింగ్ చేయించారు, కొత్త గ్యాస్కెట్ వేశారు. వడ్డీకి తెచ్చిన డబ్బు అయిపోయింది. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ. ఈసారి "ఇంజనే పోయింది, పాత ఇనుముకు ఇచ్చెయ్" అన్నారట.

సెలవులకు వెళ్లిన మేము ముగ్గురం ఆయన పక్కన కూర్చొని మొదటి ప్రశ్నతో మొదలుపెట్టాం. "బాబాయ్, ఎప్పుడు హీటెక్కుతోంది?" ఊళ్లో బాగుంది, హైవే మీద కాదు అన్నారు. అంటే గాలి కన్నా నీళ్లమీద అనుమానం. "నీళ్లు రోజూ పోయాల్సి వస్తోందా?" మరిగి పొంగినప్పుడు తప్ప లేదన్నారు. ఆయిల్ శుభ్రంగా ఉంది. బుడగలు లేవు. నాలుగు ప్లగ్గులూ ఒకే రంగులో ఉన్నాయి. గ్యాస్కెట్ మీద ఒక్క సాక్ష్యం కూడా లేదు. బెల్టు బాగుంది. కింది హోస్ చప్పబడలేదు. రేడియేటర్ ముందు అరచెయ్యి జరిపితే మధ్యలో పలక పుస్తకమంత జాగా చల్లగా తగిలింది.

"ఇందులో ఏ నీళ్లు పోస్తారు బాబాయ్?" అని అడిగాం. "ఇంకేం నీళ్లురా, ఇంటి ముందు బోరు నీళ్లే" అన్నారు. ఆ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి సున్నపు పొర గట్టిగా పేరుకుని ఉంది. ఏళ్ల తరబడి అదే పొర రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంది. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ కుళాయి విప్పితే చుక్క నీరు రాలేదు. సన్న తీగతో పొడిచాక ఎర్రటి బురద దిగింది.

రేడియేటర్ విప్పి పట్నంలో ఇత్తడి, రాగి పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పై ట్యాంకులో నీళ్లు పోసి, కిందినుంచి ఎంత వేగంగా పడుతున్నాయో చూసి, "సగం కూడా లేదు" అన్నారు. అతుకు కరిగించి ట్యాంకు విప్పి, ఒక్కొక్క గొట్టంలోకీ సన్నని ఇనుప పట్టీ దింపి శుభ్రం చేశారు. ఆయన బడికి పోలేదట. కానీ నీళ్లు పడే శబ్దం విని ఎన్ని గొట్టాలు మూసుకున్నాయో ఉజ్జాయింపుగా చెప్పగలరు. ప్రవాహం గురించి మేము క్లాసులో రాసుకున్న సూత్రాలు ఆయన చెవిలో ఉన్నాయి. మేము లెక్క చెబితే ఆయన శ్రద్ధగా విన్నారు. ఆయన గొట్టం చూపిస్తే మేము అంతే శ్రద్ధగా చూశాం.

బ్లాకును రెండు వైపుల నుంచీ మంచినీళ్లతో కడిగి, తుప్పు పట్టనివ్వని కూలెంట్ కలిపి నింపాం. హైవే మీద నలభై కిలోమీటర్లు పోయి వచ్చాం. ముల్లు మధ్యలోనే నిలిచింది. ఈ పనికి అయిన ఖర్చు అంతకుముందు హెడ్డుకు పెట్టినదానిలో నాలుగో వంతు కూడా లేదు. హెడ్డు విప్పినవారికి పని రాదని మేము అనడం లేదు. హెడ్డు పని చక్కగానే చేశారు. అడగాల్సిన ప్రశ్న అడగలేదు, అంతే.

షెడ్డుల్లో వినబడే మూడు మాటలు

"థర్మోస్టాట్ తీసి పారెయ్, మన ఎండలకు అదెందుకు?" అది చెడిపోయి మూసుకునిపోతే తీసేసి ఇంటికి చేరడం సరే. శాశ్వతంగా తీసేస్తే ఇంజను సరైన వేడికి ఆలస్యంగా చేరుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు ఎక్కువ అరుగుతాయి. పైగా మూసుకుపోతున్న రేడియేటర్ జబ్బు కొన్నాళ్లు దాగిపోతుంది.

"ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే మరగదు." మరగడం ఆలస్యమవుతుంది, నిజమే. కానీ పాత రేడియేటర్ అతుకులు, హోసులు తక్కువ ఒత్తిడికి చేసినవి. కొత్త కారు మూత పెడితే బలహీనంగా ఉన్నచోట చీలుతుంది. పాత మూత మీద ఉన్న అంకె ఎంతో అదే అంకె మూత కొనాలి.

"నీళ్లు వేగంగా తిరిగితే చల్లబడటానికి టైము దొరకదు." ఇది పరీక్షల్లో కూడా కొందరు రాస్తుంటారు. అదే నీళ్లు అంతే తొందరగా మళ్లీ మళ్లీ రేడియేటర్‌లోకి వస్తాయి కదా! ప్రవాహం పెరిగితే మొత్తం మీద బయటికి పోయే వేడి పెరుగుతుందే గానీ తగ్గదు.

గుర్తుంచుకోండి

ఎప్పుడు అని అడగకుండా ఎక్కడ అని వెతకవద్దు. ఒకసారి ఒకే మార్పు చేసి ఫలితం చూడండి. మూడు సామాన్లు ఒకేసారి మారిస్తే బండి బాగైనా ఏది తప్పో తెలియదు. డ్యాష్‌బోర్డులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి తేదీ, కిలోమీటర్లు, పోసిన నీళ్లు రాయండి. నాన్న నడిపే బండి అయితే ఆ పుస్తకం రాసే పని మీరు తీసుకోండి. మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మనలాంటివాళ్లు ఇంటికి తీసుకెళ్లే చదువు ఇలాంటి చిన్న పనుల్లో కూడా కనబడాలి.

మీరే ఆలోచించండి

1. ఒక అంబాసిడర్ రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడల్లా వేడెక్కుతుంది, గేటు దాటి నాలుగు కిలోమీటర్లు పోతే మామూలవుతుంది. ముందు ఏం చూడాలి?
2. డిసెంబరులో 30 డిగ్రీల గాలిలో నీళ్లను 90 డిగ్రీల దగ్గర నిలిపిన రేడియేటర్, 40 డిగ్రీల గాలిలో అదే 90 డిగ్రీల దగ్గర ఎంత వంతు వేడి వదలగలదు?
3. వేడి ముల్లు, పెట్రోలు ముల్లు ఒకేసారి పూర్తిగా పైకి వెళ్లాయి, ఆవిరి లేదు. రేడియేటర్ విప్పుతారా?

జవాబులు: 1. బెల్టు, ఫ్యాన్, రేడియేటర్ రెక్కల్లో చెత్త. 2. తేడా 60 నుంచి 50కి తగ్గింది, కాబట్టి ఆరింట ఐదు వంతులు. 3. విప్పకూడదు, ముందు మీటరు కరెంటును, స్టెబిలైజర్‌ను చూడాలి.